పలుగురాయి పొడి అయ్యాక

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ అధ్యక్షులవారు ఇప్పటికే చదివారు. నేను మళ్లీ చదవను, ఆ మూడు నిమిషాలూ రాళ్లకే ఇస్తాను. బల్ల మీద ఏడున్నాయి: ముగ్గురాయి, పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకం, సున్నపురాయి, బలపంరాయి, జిప్సం. ఒక్కోదానికి అయిదు నిమిషాలు అనుకుని వచ్చాను. చూద్దాం.

ముందు ముగ్గురాయి, అంటే బెరైటీస్. గుప్పెడంతే ఉంటుంది, ఎత్తితే చెయ్యి కిందికి లాగుతుంది. నీటికి నాలుగున్నర రెట్ల బరువు. మన రాయలసీమ మంగంపేట గనుల సరుకు ఇదే. చమురు బావి తవ్వేటప్పుడు బురదలో దీని పొడి కలుపుతారు. అడుగున ఉన్న గ్యాసు ఎగదన్నకుండా ఆ బురద బరువే అదిమిపెడుతుంది. సాంద్రత 4.2 ఉండాలని అడుగుతారు. అందులో పలుగు కలిసిందా, సాంద్రత పడిపోతుంది, పైగా పంపులు అరిగిపోతాయి. పది మెట్ల కొలమానంలో ముగ్గురాయి కాఠిన్యం మూడు, మూడున్నర. పలుగుది ఏడు మరి.

పలుగు, అంటే క్వార్ట్జ్, పేరు వచ్చింది కాబట్టి దాని దగ్గరికే పోదాం. హైదరాబాదు కూర్చున్నదే పలుగు, ఫెల్డ్‌స్పార్ల మీద. గోల్కొండ గుట్ట, ఖాజాగూడ బండలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. అందులో గులాబీ రంగుది ఫెల్డ్‌స్పార్, గాజులా మెరిసేది పలుగు. అనుమానమొస్తే సుత్తితో కొట్టండి. ఫెల్డ్‌స్పార్ చదునుగా, దాదాపు లంబకోణంలో విడుతుంది. పలుగు సీసా పెంకులా ఒంపు తిరిగి పగులుతుంది.

టైల్స్ బట్టీలో ఫెల్డ్‌స్పార్ పని కరిగి అతకడం. పొటాష్ రకం కరిగినా చిక్కగా ఉంటుంది కనుక పలక ఆకారం నిలుస్తుంది. సోడా రకం ముందే కరిగి పలచబడుతుంది, మోతాదు మించితే పలక వంగుతుంది. పలుగుకు ఇంకో పేచీ ఉంది: 573 డిగ్రీల దగ్గర దాని స్ఫటికం ఒక్కసారిగా మారుతుంది, పరిమాణం కూడా మారుతుంది. బట్టీ చల్లార్చేటప్పుడు అక్కడ తొందరపడితే పలక చీలుతుంది. గాజుకైతే శత్రువు ఇనుము. రవ్వంత ఉన్నా గాజుకు ఆకుపచ్చ రంగు వస్తుంది. అందుకే మంచి పలుగును ఇనుప గుండ్ల మిల్లులో ఆడించరు. అల్యూమినా పింగాణీ గుండ్లు, లోపల రాతి పలకల పూత, ఆఖర్న అయస్కాంతం.

ఈ మిల్లు దగ్గర నేను ఆగిపోతాను. మిగతా రాళ్లు ఏమనుకున్నా సరే.

పొడి సరుకు కొనేవాడు 200 మెష్ అంటాడు. అంటే 75 మైక్రాన్ల కంతల జల్లెడ. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాని గుండా పడే పొడిలో 5 మైక్రాన్ల నలుసులూ ఉంటాయి. కంటికి కనబడే దుమ్ము చాలావరకు ముక్కులోనే ఆగుతుంది. 5 మైక్రాన్ల లోపుది మాత్రం గాలిలో చాలాసేపు తేలుతూ ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. దాన్ని మింగిన రక్షక కణం చచ్చిపోతుంది, నలుసు బయటపడుతుంది, ఇంకో కణం మింగుతుంది. అలా ఊపిరితిత్తి మచ్చలు కట్టి బిగుసుకుంటుంది. అదే సిలికోసిస్. మచ్చల్ని వెనక్కి తిప్పే మందు లేదు. పైగా టీబీ త్వరగా అంటుకుంటుంది. డాక్టర్లు చీటీ మీద టీబీ అని రాసి పంపేస్తారు, ఏ పని చేస్తావని అడగరు. అడగండయ్యా!

ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేర్చిన రెండో షెడ్యూలులో గాలిలో దుమ్ము ఎంతకు మించకూడదో లెక్క ఇచ్చారు: లోపలికి పోయే దుమ్ములో పలుగు శాతానికి రెండు కలిపి, దానితో పదిని భాగించండి. అంతా పలుగే అయితే ఘనమీటరు గాలికి మిల్లీగ్రాములో పదో వంతు కూడా రాదు. ఎనిమిది గంటల్లో కూలీ పీల్చేది సుమారు 10 ఘనమీటర్లు. షిఫ్టు మొత్తానికి ఒక్క మిల్లీగ్రాము! చిటికెడు ఉప్పు దానికి వందల రెట్లు.

వెనక వరుసలో షాద్‌నగర్ వైపు మిల్లుల నుంచి వచ్చిన సూపర్‌వైజర్లు ఉన్నారు. మీతోనే చెబుతున్నాను. రాయిని దవడల్లా నలిపే జా క్రషర్ నోటి దగ్గర నీళ్లు చల్లండి. తడిస్తే జల్లెడ మూసుకుపోతుందంటారు, నిజమే. ధారగా పోస్తే మూసుకుపోతుంది, సన్నటి జల్లుగా కొడితే సర్దుకుంటుంది. పొడి మిల్లు దగ్గర నీళ్లు పనికిరావు. అక్కడ మూత, గాలి పీల్చే గొట్టం, దుమ్మును గుడ్డ సంచుల్లో వడగట్టే బ్యాగ్ ఫిల్టర్ కావాలి. ఫిల్టర్ సంచి చిరిగిన సంగతి పీడనం చూపే గేజీ ముందే చెబుతుంది: ముల్లు ఒక్కసారిగా పడిపోతుంది. ఆ గేజీ పగిలి ఎన్నాళ్లయిందో వెళ్లి చూసుకోండి. బస్తా నింపే చోటు అన్నిటికన్నా చెడ్డది. బస్తాలోకి పొడి దూకగానే లోపలి గాలి అంత వేగంగానూ కూలీ ముఖం మీదికి తన్నుతుంది. పొడి పడే నోటి చుట్టూ పీల్చే గొట్టం లేకుండా బస్తా నింపించకండి. చీపురు వద్దు, తడిగుడ్డ పెట్టండి. కంప్రెసర్ గాలితో బట్టలు దులపనివ్వకండి. రుమాలు ఏమీ ఆపదు. ఎన్95 ఆపుతుంది, కానీ గడ్డం ఉన్నవాడికి అంచు అతుక్కోదు, గాలి పక్కనుంచి దూరుతుంది.

నీళ్లు చల్లండి. ఇది రెండోసారి చెప్పానని తెలుసు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. నాలుగు రాళ్లు మిగిలిపోయాయి, అభ్రకమూ బలపమూ ఇవాళ్టికి క్షమించాలి. బల్ల దగ్గరికి రండి, ముగ్గురాయి ఎత్తి చూడండి, సున్నపురాయి మీద ఆ సీసాలోని పలచటి ఆమ్లం చుక్క వేస్తే బుసబుస పొంగడం చూడండి. చివర్న పలుగు పొడి సీసా ఉంది. దాని మూత మాత్రం తీయకండి.