నాలుగు కాగితాలతో ప్రింటర్ల పాఠం: క్లాసుకి ఏ ప్రింటర్ పనికొస్తుంది?

నమస్కారం అండీ. ఇవాళ రివ్యూకి ఒక్క ప్రింటర్ కాదు, నాలుగు రకాలు. స్పీడెంత, పేజీకి ఎన్ని పైసలు పడుతుంది అన్నది పక్కన పెడదాం. ఆరు, ఏడు తరగతుల పిల్లలకి పాఠం చెప్పడానికి ఏది ఎంత పనికొస్తుందో చూద్దాం. ఇంపాక్ట్ (కాగితం మీద కొట్టి అచ్చేసేది), నాన్-ఇంపాక్ట్ (కొట్టకుండా అచ్చేసేది) అని బోర్డు మీద రాస్తే బట్టీ పట్టేస్తారు, పరీక్ష దాకానే గుర్తుంటుంది. అందుకే ముందు ప్రింటర్ చూపించకండి, కాగితాలు ఇవ్వండి. టేబుల్ మీద నాలుగున్నాయి: ఆర్టీసీ బస్సు టికెట్, బ్యాంకు పాస్‌బుక్, లేజర్‌లో తీసిన ప్రశ్నపత్రం, ఇంక్ ట్యాంక్‌లో తీసిన రంగుల బొమ్మ.

టికెట్‌తో మొదలుపెడదాం. ఖాళీగా ఉన్నచోట గోటితో గట్టిగా, జోరుగా గీయండి. నల్ల గీత పడింది చూశారా? మరి ఇంకు ఎక్కడిది? మిషన్‌లో ఇంకే లేదు. వేడి తగిలితే నల్లబడే పూత కాగితం మీదే ఉంది, గోటి రాపిడికే అది నల్లబడింది. కండక్టర్ మిషన్‌లో సన్నటి హీటర్ చుక్కల వరస ఉంటుంది, అంతే. దీన్నే థర్మల్ ప్రింటర్ అంటారు. పూత ఒకవైపే కాబట్టి రోల్ తిరగేసి పెడితే తెల్లకాగితం బయటికొస్తుంది. పిల్లల ముందు కావాలనే అలా పెట్టి, ఎందుకు రాలేదో వాళ్లనే చెప్పమనండి. పాఠానికి దీనికి పదికి తొమ్మిది.

పాస్‌బుక్. ఖాతా నంబరు మీద స్టిక్కర్ అంటించాకే క్లాసుకి తేవాలండోయ్! భూతద్దంలో చూస్తే అక్షరాలు చుక్కలు చుక్కలుగా ఉంటాయి. సూదులు రిబ్బన్ మీద కొడితే పడ్డ చుక్కలవి. ఇలా సూదులతో కొట్టేదే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. మామూలువాటిలో 9 సూదులు, పాస్‌బుక్ వాటిలో 24. కొడుతుంది కాబట్టే కార్బన్ కాపీ వస్తుంది, మిగతా మూడింటికీ అది చేతకాదు. కానీ పాఠం కోసం కొత్తది కొనకండి, చిన్న లేజర్‌ కంటే తక్కువకేమీ రాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) రిపేరు షాపుల్లో పాడైన హెడ్, అంటే సూదులుండే భాగం, ఉందేమో అడిగి చూడండి. సూదులు చేత్తో చూపించొచ్చు, అది చాలు.

ఇక రంగుల బొమ్మ. ఒక నీటి చుక్క వేసి తుడవండి, రంగు పారుతుంది. కొన్ని ట్యాంక్ ప్రింటర్లలో నల్ల ఇంకు మాత్రం పిగ్మెంట్, అంటే నీళ్లలో కరగని రంగుపొడి, అది అంతగా పారదు. ఎప్సన్ ప్రింటర్ల హెడ్‌లో (ఇంకు చిమ్మే భాగంలో) కరెంటు పెడితే వంగే పలక ఇంకుని బయటికి నెడుతుంది. హెచ్‌పీ, కేనన్ హెడ్‌లలో ఇంకు ఒక్క క్షణం మరిగి బుడగై తోస్తుంది. స్కూళ్లలో ఎక్కువగా పాడయ్యేది ఇదే, తప్పు ప్రింటర్‌ది కాదు. సాయంత్రం ల్యాబ్ మెయిన్ ఆఫ్ చేసేస్తారు. ప్రింటర్ బటన్‌తో ఆఫ్ చేస్తే హెడ్ పక్కకెళ్లి మూత కింద కూర్చుంటుంది. ప్రింట్ మధ్యలో మెయిన్ తీసేస్తే మూత లేకుండానే ఆగిపోతుంది. ఆపైన మన ఎండాకాలం సెలవులొచ్చాయా, నాజిల్స్‌లో (ఇంకు వచ్చే సన్నటి రంధ్రాల్లో) ఇంకు ఎండి గడ్డకట్టడమే! సెలవుల్లో కూడా వారానికొక రంగు పేజీ తీయించండి. గీతలొస్తే ముందు నాజిల్ చెక్, తర్వాత హెడ్ క్లీనింగ్. రెండు, మూడుసార్లకి రాకపోతే ఆఫ్ చేసి ఓ రాత్రి వదిలేయండి. పదేపదే క్లీనింగ్ కొడితే ఆ ఇంకంతా అడుగునున్న స్పాంజిలోకే పోతుంది, అది నిండితే ప్రింటర్ మొరాయిస్తుంది. రంగులు కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి మాత్రం దీన్ని మించింది లేదు. ఏడు మార్కులు.

ప్రశ్నపత్రాన్ని నల్లగా అచ్చైన చోట గట్టిగా మడిచి గోటితో రుద్దండి, పొడి రాలుతుంది. టోనర్ అంటే ప్లాస్టిక్ పొడి. తల మీద రుద్దిన దువ్వెన కాగితం ముక్కల్ని లాగినట్టే, లోపల తిరిగే డ్రమ్ (గొట్టంలాంటి రోలర్) మీద లేజర్ తగిలిన చోట పొడి అంటుకుంటుంది. దాన్ని కాగితం మీదికి దింపాక, దాదాపు 200 డిగ్రీల వేడి రోలర్ కరిగించి అతికిస్తుంది. మనం రోజూ అనే జిరాక్స్ కూడా ఈ తంతే. చెస్టర్ కార్ల్‌సన్ అనే అమెరికన్ 1938లో దాన్ని సాధించాడు, జిరాక్స్ పేరు గ్రీకు జిరోస్ నుంచి వచ్చింది, అంటే తడి లేనిది. జిరాక్స్ కంపెనీలోనే ఇంజినీరు గ్యారీ స్టార్క్‌వెదర్ దానికి లేజర్ జోడించాడు.

లెక్కల టీచర్లకి ఒక బహుమతి: పేజీలో ఒకే మచ్చ దాదాపు 75 మిల్లీమీటర్లకోసారి పడుతుంటే, 75ని 3.14తో భాగించమనండి. దాదాపు 24 వస్తుంది. అంటే 24 మిల్లీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ మీద గీత పడిందన్నమాట. పరిధి సూత్రం ఇంత బాగా ఇంకెక్కడ చూపిస్తాం?

జాగ్రత్తలు మూడున్నాయి. పేపర్ ఇరుక్కుంటే ఆఫ్ చేసి, అరగంట ఆగి, రెండు చేతులతో మెల్లగా లాగాలి. టోనర్ బట్టల మీద ఒలికితే పొడిగుడ్డతో తుడిచి చన్నీళ్లతో కడగాలి, వేడినీళ్లయితే బట్టకి అతుక్కుపోతుంది. ఇంకొకటి, లేజర్ ప్రింటర్‌ని కంప్యూటర్ చిన్న యూపీఎస్‌కి తగిలించకండి. ఆ రోలర్ వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకి యూపీఎస్ కుయ్ కుయ్‌మని ఆగిపోతుంది, దాంతో పాటు కంప్యూటరూ. ఎనిమిదిన్నర మార్కులు.

ఒక్కటే కొనగలిగితే నలుపు లేజర్ తీసుకోండి, సెలవుల తర్వాత కూడా మొదటి పేజీ సరిగ్గా వస్తుంది. థర్మల్‌కి మీ జేబులో ఉన్న టికెట్ చాలు.