పాత టెస్టును ముట్టుకోవాల్సి వస్తే అది మేజర్ మార్పే
(హనుమకొండలో విద్యార్థులు, యువ డెవలపర్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీలో చాలామంది రియాక్ట్‌తోనో, వ్యూతోనో వెబ్ పేజీలు కట్టినవాళ్లే. ఈరోజు మాట్లాడేది పేజీల గురించి కాదు. ఆ పేజీలు కట్టేవాళ్లు వాడుకునే లైబ్రరీ, అంటే సిద్ధంగా రాసిపెట్టిన కోడ్ గురించి. బటన్లు, డ్రాప్‌డౌన్లు, తేదీ ఎంచుకునే పెట్టెలు, పాపప్‌లు ఇచ్చే జావాస్క్రిప్ట్ లైబ్రరీని, వాడేవాళ్ల పేజీలు చెడకుండా ఏళ్ల తరబడి ఎలా నడపాలన్నదే విషయం.

అసలు మాట ముందే చెప్పేస్తాను. టెస్టు అంటే కోడ్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే చిన్న ప్రోగ్రాం. కొత్త కోడ్ పాస్ కావాలంటే పాత టెస్టును మార్చక తప్పదన్న పరిస్థితి వచ్చిందా, ఎక్కడో ఎవరి పేజీనో చెడగొట్టబోతున్నారని అర్థం. మార్పు రెండు లైన్లదే కావచ్చు. అయినా అది మేజర్ వెర్షన్‌లోనే వెళ్లాలి.

(2.4.1 అనే వెర్షన్‌లో 2 మేజర్, 4 మైనర్, 1 ప్యాచ్ నంబర్లు.) ఇంత పట్టుదల ఎందుకంటే, లైబ్రరీలను తెచ్చిపెట్టే ఎన్‌పీఎంలో ^2.4.1 అని రాసుకున్నవాళ్లకు 3.0.0 కంటే తక్కువున్న ప్రతి కొత్త వెర్షన్ వాళ్లను అడగకుండానే వస్తుంది. (సున్నాతో మొదలయ్యే వెర్షన్ల లెక్క వేరు: ^0.4.1 అంటే 0.5.0 లోపలే.) వెర్షన్లను స్థిరంగా రాసిపెట్టే లాక్ ఫైల్ ఉంటే కొన్నాళ్లు ఆగుతుంది, అంతే. ఇంకేదో ప్యాకేజీ కోసం ఆ ఫైల్‌ను తిరగరాసిన రోజు మీ మార్పు కూడా లోపలికి వస్తుంది. అప్పుడు తప్పు ఎక్కడుందో వెతకడం వాళ్లకు చాలా కష్టం, ఎందుకంటే వాళ్లు మీ లైబ్రరీని ముట్టుకోనే లేదు.

మరి వాడేవాళ్లకు మనం మాటిచ్చింది దేనికి? ఫంక్షన్ల పేర్లు, ప్రాప్‌ల పేర్లు (ప్రాప్ అంటే బటన్ లాంటి భాగానికి వాడేవాళ్లు ఇచ్చే సెట్టింగు) అని అందరూ చెబుతారు. అవి తేలిక భాగం. హైరమ్ సూత్రం అని ఒకటుంది: వాడేవాళ్లు పెరిగేకొద్దీ, మీరు డాక్యుమెంటేషన్‌లో రాసినా రాయకపోయినా, బయటికి కనిపించే ప్రతి ప్రవర్తన మీదా ఎవరో ఒకరు ఆధారపడే ఉంటారు. ఇంటర్‌ఫేస్ లైబ్రరీలో బయటికి కనిపించేవి మరీ ఎక్కువ.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు మిర్చి ధరలు చూపే పేజీ ఒకటి మీ లైబ్రరీతో కట్టారనుకోండి. తేజ, వండర్ హాట్, చపాటా అని రకాలు ఎంచుకునే డ్రాప్‌డౌన్ ఒక పాపప్ ఫారంలో ఉంది. ఇప్పటిదాకా ఎస్కేప్ నొక్కితే డ్రాప్‌డౌన్ మాత్రమే మూసుకునేది, ఎందుకంటే మీ కోడ్ ఆ కీ ఈవెంట్‌ను పైనున్న పాపప్ దాకా పోనివ్వలేదు. కోడ్ శుభ్రం చేస్తూ ఆ ఒక్క లైన్ తీసేశారు. ఇప్పుడు ఎస్కేప్ నొక్కితే పాపప్ కూడా మూసుకుంటుంది, సగం నింపిన ఫారం పోతుంది. ఎర్రర్ రాదు, టైపులు మారలేదు, ప్రాప్‌లు మారలేదు.

అదే డ్రాప్‌డౌన్ చుట్టూ అదనంగా ఒక డివ్ (పేజీలో భాగాలను చుట్టే పెట్టె) పెట్టినా ఇబ్బందే. నేరుగా లోపలున్న భాగాన్నే పట్టుకునే సీఎస్ఎస్ (పేజీ రూపురేఖల) సెలెక్టర్లు ఇక పనిచేయవు, ఫ్లెక్స్‌లో అమరిక మారుతుంది. ఆన్‌ఛేంజ్‌ను (విలువ మారితే నడిచే ఫంక్షన్‌ను) వెంటనే పిలిచేచోట ప్రామిస్‌తో కాస్త ఆలస్యంగా పిలిచినా ఇబ్బందే. తర్వాతి లైన్‌లోనే విలువ చదువుకునేవాళ్లకు పాత విలువే దొరుకుతుంది. ఇంకా చిన్నది: ఆలస్యానికి డిఫాల్ట్ 200 ఇస్తూ రెండు నిలువు గీతల గుర్తు (||) వాడిన చోట రెండు ప్రశ్న గుర్తులు (??) పెట్టారు. మొదటిది 0ను కూడా ఖాళీగానే లెక్కిస్తుంది, రెండోది లెక్కించదు. ఇదివరకు 0 పంపినవాళ్లకు 200 వచ్చేది, ఇప్పుడు 0 వస్తుంది. రెండోదే సరైనది, ఒప్పుకుంటాను. కానీ దాన్ని ప్యాచ్ వెర్షన్‌లో పంపకూడదు.

బగ్ సరిదిద్దడమే పేజీని చెడగొట్టే సందర్భానికి తెలుగులోనే మంచి ఉదాహరణ ఉంది. పేరు రాసే పెట్టె కింద అక్షరాలు లెక్కపెట్టే కాంపొనెంట్ తీసుకుందాం. 'లక్ష్మి' అన్న పేరుకు జావాస్క్రిప్ట్ లెంగ్త్ 7 అంటుంది: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మనం చదివేది రెండక్షరాలు. కాబట్టి పదాన్ని చదివే అక్షరాలుగా విడగొట్టే ఇంటల్ సెగ్మెంటర్‌తో లెక్కిద్దామన్న ఆలోచన సహజమే. అక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదన్న నియమం అక్షరాలకు ప్రపంచ ప్రమాణమైన యూనికోడ్ 15.1తో, అంటే 2023లో చేరింది. అది లేని పాత బ్రౌజర్ ల, క్, ష్, మి అని 4 చెబుతుంది, అమలుచేసినది 2 చెబుతుంది. రెండు, సర్వర్ ఇంకా పాత పద్ధతిలోనే లెక్కిస్తుంటే, 20 అనే పరిమితి దాటిందని ఇదివరకు ఇక్కడే ఆగిన పేరు ఇప్పుడు ఇక్కడ దాటి అక్కడ తిరస్కారానికి గురవుతుంది. సర్వర్ తిరస్కరించకుండా మధ్యలో కోస్తే ఇంకా ఘోరం, పేరు పొల్లుతో ముగుస్తుంది.

దీనికి దారి: లెక్కించే పద్ధతిని కొత్త ప్రాప్‌గా ఇవ్వండి, డిఫాల్ట్ పాతదే ఉంచండి. ఇది మైనర్ వెర్షన్‌లో వెళ్లొచ్చు. డిఫాల్ట్ మార్చడం 3.0.0 పని. సెగ్మెంటర్ టెస్టులో '2 రావాలి' అని కచ్చితమైన అంకె రాస్తే బ్రౌజర్‌ను బట్టి ఫెయిల్ అవుతుంది. ముక్కలన్నీ తిరిగి కలిపితే మొదటి పదమే రావాలని, ఏ ముక్కా పొల్లుతోగానీ గుణింతపు గుర్తుతోగానీ మొదలు కాకూడదని రాయండి.

ఇక టెస్టులు. వాటిని రెండు ఫోల్డర్లుగా విడదీయండి. ఒకదానిలో లోపలి ఫంక్షన్ల టెస్టులు. వాటిని ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు. రెండోది ఒప్పందపు ఫోల్డర్. అందులోని టెస్టు వాడేవాడి వైపు నుంచే మాట్లాడాలి: రోల్‌తో, పేరుతో బటన్‌ను వెతకాలి, కీ నొక్కాలి, ఫోకస్ ఎక్కడుందో, కాల్‌బ్యాక్‌లు ఏ వరుసలో వచ్చాయో చూడాలి. ఈ ఫోల్డర్‌లో కొత్తవి చేర్చవచ్చు. ఉన్నదాన్ని మార్చే పుల్ రిక్వెస్ట్ (కోడ్ మార్పు ప్రతిపాదన) వస్తే సీఐ (టెస్టులను తానే నడిపే వ్యవస్థ) ఆపాలి, మేజర్ బ్రాంచ్‌కు పంపాలి. స్నాప్‌షాట్లను (అవుట్‌పుట్‌ను దాచుకుని తర్వాత పోల్చే టెస్టులను) ఇక్కడ నమ్ముకోకండి. ఒక్క అప్‌డేట్ ఫ్లాగ్‌తో నలభై స్నాప్‌షాట్లు మారిపోతే రివ్యూలో ఎవరూ చదవరు.

జేఎస్‌డామ్‌కు (నిజమైన బ్రౌజర్ లేకుండా టెస్టులు నడిపే అనుకరణకు) లేఅవుట్, అంటే భాగాల అమరిక, ఉండదు. ఎలిమెంట్ కొలతలు అడిగితే అన్నీ సున్నాలే ఇస్తుంది. పాపప్ స్క్రీన్ అంచుకు తగిలినప్పుడు పైకి తిరిగిందా లేదా అన్నది అక్కడ తేలదు. అలాంటివి నిజమైన బ్రౌజర్లను నడిపే ప్లేరైట్‌తో క్రోమియం, ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్ మూడింటిలోనూ నడపాలి.

టైపులకూ (ఏ విలువలు రావచ్చో చెప్పే ప్రకటనలకూ) టెస్టులుండాలి. మూసుకోవడానికి కారణం 'క్లిక్' లేదా 'ఎస్కేప్' అని యూనియన్ టైపు ఇచ్చారు, దానికి 'స్క్రోల్' చేర్చారు. అన్ని కేసులూ రాశామా అని టైప్‌స్క్రిప్ట్‌తో సరిచూసుకునే ప్రాజెక్టులో బిల్డ్ ఆగుతుంది.

రిలీజ్‌కు ముందు తప్పనిసరిగా చేయాల్సిన పని ఒకటుంది, చాలా లైబ్రరీలు ఇక్కడే అలసత్వం చూపుతాయి. సోర్స్ మీద కాదు, ఎన్‌పీఎం ప్యాక్ ఇచ్చిన ఫైల్ (వాడేవాళ్లకు వెళ్లే ప్యాకేజీ) మీద టెస్టులు నడపండి. ఖాళీ ప్రాజెక్టులో దాన్ని ఇన్‌స్టాల్ చేసి, గత రిలీజ్ ట్యాగ్‌లోని ఒప్పందపు ఫోల్డర్‌ను తెచ్చి దానిమీద నడపండి. సీఎస్ఎస్ ఫైల్ ప్యాకేజీలోకి చేరకపోవడం, సైడ్‌ఎఫెక్ట్స్ (ఇంపోర్ట్ చేయగానే జరిగే పనులు) లేవని తప్పుగా రాయడంతో బండ్లర్ (కోడ్‌ను కలిపి కట్టే పరికరం) ఆ సీఎస్ఎస్‌ను వదిలేయడం, కొత్తగా ఎక్స్‌పోర్ట్స్ ఫీల్డ్ (ఏ ఫైళ్లు బయటికి అందుతాయో చెప్పే జాబితా) పెట్టగానే లోపలి ఫైళ్లను నేరుగా ఇంపోర్ట్ చేసుకున్నవాళ్లకు దారి మూసుకుపోవడం, ఇవన్నీ ఇక్కడే పట్టుబడతాయి. రియాక్ట్ 17, 18, 19 అన్నీ పనిచేస్తాయని చెప్పుకుంటే మూడింటితోనూ నడపాలి. యూజ్‌ఐడీ (ఐడీ తయారుచేసే ఫంక్షన్) 18లోనే వచ్చింది, రియాక్ట్‌డామ్ రెండర్ (పేజీలో చూపే పాత ఫంక్షన్) 19లో పోయింది.

బ్రౌజర్ల విషయంలో ఒక్క అంకె గుర్తుంచుకోండి. విండోస్ 7లో నడిచే చివరి క్రోమ్ 109. జాబితాను క్రమంలో పెట్టే టుసార్టెడ్ మెథడ్ వచ్చింది 110లో. ఏదో ఊరి జిరాక్స్ సెంటర్‌లో పాత కంప్యూటర్ ఇంకా ఉందంటే, మీ కోడ్‌లోని ఆ ఒక్క మెథడ్‌తో దరఖాస్తు పేజీ తెల్లగా నిలబడిపోతుంది. బిల్డ్ టార్గెట్ (ఏ బ్రౌజర్ల కోసమో చెప్పే సెట్టింగు) సింటాక్స్‌నే మారుస్తుంది, లేని మెథడ్‌ను తెచ్చిపెట్టదు. కనీస బ్రౌజర్‌ను పెంచడం కూడా మేజర్ మార్పే.

పాత పేరు తీసేయాల్సి వస్తే జేక్వెరీ అనే లైబ్రరీ చూపిన దారి మంచిది. లైవ్ మెథడ్‌ను 2011లో 1.7 వెర్షన్‌లో వద్దన్నారు, 2013లో 1.9లో తీసేశారు, దాంతోపాటు పాత ప్రవర్తనను తిరిగి ఇస్తూ హెచ్చరించే మైగ్రేట్ ప్లగిన్ ఇచ్చారు. (1.9 మేజర్ నంబర్ కాదు కదా అని మీరు అడగొచ్చు, ఈ రోజుల్లో అది 2.0.0 కావాలి.) మీరు కూడా ముందు మైనర్‌లో కొత్త పేరు చేర్చండి. పాతది వాడితే డెవలప్‌మెంట్ బిల్డ్‌లో ఒక్కసారే హెచ్చరించండి, బదులుగా ఏం రాయాలో ఆ వాక్యంలోనే చెప్పండి. 500 వరుసల పట్టికలో 500 సార్లు అరిస్తే ఎవరూ చదవరు. కన్సోల్ ఎర్రర్ కాకుండా వార్న్ వాడండి, ఎర్రర్ వస్తే టెస్టు ఆపేలా పెట్టుకున్న టీములు చాలా ఉన్నాయి. పాత, కొత్త ప్రాప్‌లు రెండూ ఇస్తే ఏది గెలుస్తుందో తేల్చి దానికీ టెస్టు రాయండి. పాత పేరు పూర్తిగా పోయేదాకా దాని టెస్టులు కూడా ఉండాలి.

ఇంత చేసినా ఒకటి జారిపోతుంది. అప్పుడు వాడేవాళ్లను కోడ్ మార్చుకోమనకండి. పాత ప్రవర్తన తిరిగి వచ్చేలా అదే రోజు ప్యాచ్ ఇవ్వండి, చెడ్డ వెర్షన్‌కు ఎన్‌పీఎం డెప్రికేట్‌తో 'వాడొద్దు' అని గుర్తు పెట్టండి. అన్‌పబ్లిష్ (పూర్తిగా తీసేయడం) మాత్రం వద్దు, లాక్ ఫైల్‌లో ఆ నంబరు ఉన్నవాళ్లకు ఇన్‌స్టాలే ఆగిపోతుంది. 3.0.0 వచ్చాక 2.x వాళ్లకు సెక్యూరిటీ ప్యాచ్ ఇచ్చేటప్పుడు ట్యాగ్ పేరు మరవకండి. పాత ఎన్‌పీఎం వెర్షన్లలో ట్యాగ్ చెప్పకుండా 2.9.3 పబ్లిష్ చేస్తే వెర్షన్ చెప్పకుండా ఇన్‌స్టాల్ చేస్తే ఏది దిగాలో చూపే లేటెస్ట్ ట్యాగ్ దానిమీదికి వెళ్తుంది, ఆ క్షణం నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాళ్లందరికీ 3కు బదులు 2.9.3 దిగుతుంది. పబ్లిష్ అయ్యాక డిస్ట్ ట్యాగ్ జాబితా ఒకసారి చూసుకుని, అప్పుడే టెర్మినల్ మూయండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి.