రాత్రి 3:12కి ఆగిన గుండె: పగలు పడిపోవడానికి అదే కారణమా?

తెర: ఈసీజీ కాగితం, బాగా దగ్గరగా. వరుసగా నాలుగు నిలువు గీతలు, తర్వాత పొడవాటి చదును, మళ్ళీ ఒక నిలువు గీత.

వాయిస్: ఇది హోల్టర్ రిపోర్టులో ఒక ముక్క. ఛాతీకి స్టిక్కర్లు అంటించి, నడుముకు చిన్న పెట్టె తగిలించి 24 గంటలు గుండె నడకను రికార్డు చేస్తారు కదా, అదే. మధ్యలో గీత చదునుగా సాగిన చోట పెద్ద గళ్ళు లెక్కపెట్టండి. 20 ఉన్నాయి. మామూలు వేగంతో తీసిన ఈసీజీలో ఒక్కో పెద్ద గడి 0.2 సెకన్లు. అంటే 4 సెకన్ల పాటు గుండె కొట్టుకోలేదు.

వారం కిందట మిట్టమధ్యాహ్నం క్యూలో నిలబడి కళ్ళు తిరిగి పడిపోయిన 52 ఏళ్ల మనిషి రిపోర్టు ఇది అనుకుందాం. పడిపోయాడు, పరీక్షలో గుండె ఆగినట్టు తేలింది, ఇక పేస్‌మేకర్ పెట్టించడమేనని ఇంట్లోవాళ్ళకు అనిపిస్తుంది. ఆ మాటకు ముందు గీత పక్కన అచ్చయిన సమయం చూడాలి.

తెర: కెమెరా కాగితం మూలకు జరుగుతుంది. 03:12.

వాయిస్: మనిషి పడిపోయింది పగలు. గుండె ఆగింది నిద్రలో. ఈ రెండూ ఒకే జబ్బు కానక్కర్లేదు.

ముందు పగటి సంగతి. మనం లేచి నిలబడగానే అర లీటరు నుంచి లీటరు దాకా రక్తం పొట్టలోకి, కాళ్ళలోకి దిగుతుంది. మామూలుగా రక్తనాళాలు బిగిసి, గుండె వేగం కాస్త పెరిగి బీపీ నిలబడుతుంది. ఎండలో కదలకుండా నిలబడినప్పుడో, ఒంట్లో నీరు తగ్గినప్పుడో, సూదిని చూసి బెదిరినప్పుడో కొందరిలో ఇది తిరగబడుతుంది. నాళాలు వదులవుతాయి, మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం దానికి కళ్ళెం వేస్తుంది. మెదడుకు రక్తం 6 నుంచి 8 సెకన్లు అందకపోతే చాలు, స్పృహ పోతుంది. దీని పేరు వేసోవేగల్ సింకపీ. ముందే చెమట పడుతుంది, వికారంగా ఉంటుంది, చెవుల్లో హోరు మొదలై చూపు మసకబారుతుంది.

పడిపోయినవాళ్ళకు ఒకటి రెండు సార్లు చేతులు కొట్టుకోగానే మన దగ్గర ఫిట్స్ అనేసి తాళాలు చేతిలో పెడతారు. 1994లో జర్మనీ పరిశోధకులు ఆరోగ్యవంతులైన వాలంటీర్లు స్పృహ తప్పేలా చేసి వీడియో తీస్తే, 42 సార్లలో 38 సార్లు కాళ్ళూచేతులూ అదిరాయి. కళ్ళు కూడా ఎక్కువగా తెరిచే ఉన్నాయి. కాబట్టి అదురు కనబడగానే మూర్ఛ అనుకోకండి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తండి. కూర్చోబెట్టి పట్టుకోవద్దు, మెదడుకు రక్తం వెళ్ళే దారిని మనమే అడ్డుకున్నట్టవుతుంది. తెలివి పూర్తిగా వచ్చేదాకా నోట్లో నీళ్లు పోయొద్దు. నిమిషం దాటినా స్పృహ రాకపోతే, ఊపిరి సరిగా లేకపోతే 108కి ఫోన్ చేయండి.

తెర: నిద్రపోతున్న మనిషి గొంతు బొమ్మ. నాలుక వెనక్కి జారి దారి మూసుకుంటుంది. పక్కన సెకన్లు నడుస్తున్నాయి.

వాయిస్: ఇప్పుడు రాత్రి. గురక పెడుతున్న మనిషి గొంతు కండరాలు నిద్రలో వదులై గాలి దారి మూసుకుపోతుంది. ఊపిరి 10 సెకన్లు లేదా ఆ పైన ఆగితే దాన్ని అప్నియాగా లెక్కిస్తారు. ఛాతీ గాలి కోసం లాగుతూనే ఉంటుంది, లోపలికి ఏమీ రాదు, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. ఊపిరి ఆడకుండా ఆక్సిజన్ తగ్గితే వేగస్ నరం గుండెను నెమ్మది చేస్తుంది, నీట మునిగినప్పుడు జరిగినట్టే. కొందరిలో గుండె సెకన్ల తరబడి నిలిచిపోతుంది. తర్వాత మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, గొంతు తెరుచుకుంటుంది, గుండె పరుగెత్తుతుంది, బీపీ ఎగదన్నుతుంది. మనిషికి మాత్రం ఇవేవీ గుర్తుండవు.

1983లో స్టాన్‌ఫోర్డ్ బృందం 400 మంది అప్నియా రోగులను రాత్రంతా రికార్డు చేసింది. 43 మందిలో గుండె 2.5 నుంచి 13 సెకన్ల దాకా ఆగింది. లయ బాగా తప్పినవాళ్ళలో 50 మందికి గొంతుకు రంధ్రం చేసి గాలి దారి తెరిస్తే ఆ విరామాలు పోయాయి. అప్పట్లో ఉన్న గట్టి చికిత్స అదే. జబ్బు గుండెలోని కరెంటు తీగల్లో లేదు, గొంతులో ఉంది. అందుకే 2018 అమెరికా మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి: నిద్రలో మాత్రమే గుండె నెమ్మదిస్తే అప్నియా లక్షణాలు ఉన్నాయేమో చూడాలి, వేరే కారణం లేకుండా పేస్‌మేకర్ పెట్టకూడదు. 2007లో వచ్చిన ఒక యూరోపియన్ అధ్యయనంలో పేస్‌మేకర్ ఉన్న 98 మందికి స్లీప్ స్టడీ (రాత్రంతా నిద్రలో ఊపిరిని కొలిచే పరీక్ష) చేస్తే 59 శాతం మందిలో అప్నియా బయటపడింది.

విరామం ఏ రకందో కూడా చూడాలి. వేగస్ పని అయితే పై గది కొట్టుకునే వేగం ముందే తగ్గుతూ వస్తుంది. పై గది అదే వేగంతో కొట్టుకుంటూ ఉండగా కింది గదికి కబురు తెగిపోతే అది వేరే కథ, రాత్రి జరిగినా తేలిగ్గా తీసుకోకూడదు.

పగటికీ రాత్రికీ ముడి పడే చోటు ఒకటుంది. మూసుకున్న గొంతుతో ఛాతీ బలంగా లాగినప్పుడు గుండె పై గది సాగుతుంది. అది ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని మూత్రం పెంచే హార్మోన్ వదులుతుంది. అందుకే అప్నియా ఉన్నవాళ్ళు రాత్రి రెండు మూడు సార్లు లేస్తారు, షుగర్ అనో ప్రొస్టేట్ అనో అనుకుంటారు. వెచ్చని పక్క మీంచి ఒక్కసారిగా లేచి, మగవాళ్ళయితే నిలబడి పోస్తూ, బాత్రూంలో పడిపోతారు. పడుకునే ముందు బీపీ మాత్రో, ప్రొస్టేట్‌కి టామ్సులోసినో వేసుకుంటే, మద్యం తాగి ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. పక్క మీదే ఒక నిమిషం కూర్చుని లేవండి, కూర్చునే మూత్రానికి వెళ్ళండి. మాత్ర మానడం కాదు, వేసుకునే వేళ మార్చాలేమో డాక్టర్ని అడగండి.

ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఈ పరీక్ష చేయండి. 5 నిమిషాలు పడుకుని చూడండి. నిలబడి 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్ళీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే ఆ అంకెలు కాగితం మీద రాసి డాక్టరుకు చూపించాలి.

తెర: టేపుతో మెడ కొలుస్తున్న చేతులు.

వాయిస్: అప్నియా అనుమానానికి స్టాప్‌బ్యాంగ్ అనే 8 ప్రశ్నల పట్టిక వాడతారు. తలుపు అవతలికి వినబడే గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం పక్కవాళ్ళు చూశారా, బీపీ, బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 35 పైన, వయసు 50 పైన, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్ల పైన, మగవాళ్ళా. షర్టు కాలర్ 16 అంటే ఆ 40 దాటినట్టే. మూడు అవునులు వస్తే మధ్యస్థ అనుమానం, ఐదు వస్తే ఎక్కువ. బీఎంఐ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, మనవాళ్ళలో అంత లావు లేకుండానే అప్నియా కనిపిస్తుంది. స్లీప్ స్టడీలో ఊపిరి ఆగడం, తగ్గడం గంటకు 15 సార్లు దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

చికిత్స సీపాప్. 1981లో సిడ్నీలో కాలిన్ సలివన్ ఐదుగురి మీద దాన్ని మొదట చూపించారు, ముక్కులోంచి గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచడం. ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. 2016లో సేవ్ అనే ట్రయల్‌లో, అప్పటికే గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బున్న 2,700 మంది దాకా పాల్గొన్నారు. సీపాప్ పెట్టుకున్నా గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. పగటి నిద్రమత్తు తగ్గింది. సగటున వాళ్ళు రాత్రికి 3.3 గంటలే వాడారు. మందులకు లొంగని బీపీ ఉన్న 194 మందితో 2013లో స్పెయిన్‌లో చేసిన ట్రయల్‌లో 12 వారాలకు 24 గంటల సగటు బీపీ 3.1 పాయింట్లు తగ్గింది. మనం చూస్తున్న రాత్రి విరామాలకు మాత్రం గొంతు తెరిచి ఉంచడమే సూటి మందు.

సీపాప్ మాస్క్ మూలనపడేది ఎక్కువగా లీకు వల్ల. కళ్ళ మూలల్లోకి గాలి కొడుతుంటే పట్టీలు బిగించకండి, మాస్క్ ఇంకా వంకర పోతుంది. పడుకున్నాక, మిషన్ నడుస్తుండగా సర్దుకోండి. నోరు ఎండిపోతుంటే నోరు తెరుచుకుంటోందని అర్థం, హ్యూమిడిఫైయర్ గానీ నోరూ ముక్కూ కప్పే మాస్క్ గానీ అడగండి. గుండె పంపింగ్ 45 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉండి మెదడు వైపు నుంచి వచ్చే సెంట్రల్ అప్నియా ఉంటే, ఊపిరిని బట్టి గాలి ఒత్తిడిని తానే మార్చుకునే సర్వో రకం మిషన్ వాడకూడదు. 2015లో సర్వ్‌హెచ్‌ఎఫ్ ట్రయల్‌లో వాటితో మరణాలు పెరిగాయి.

ఆలస్యం చేయకూడనివి ఇవి: పరుగెత్తుతూనో బరువు ఎత్తుతూనో పడిపోవడం, పడుకుని ఉండగానే స్పృహ పోవడం, ఏ సూచనా లేకుండా దబ్బున కూలడం, ముందు గుండె దడ, ఇంట్లో చిన్న వయసులో హఠాన్మరణం. వీటికి అదే రోజు ఈసీజీ, ఎకో కావాలి. గురక సంగతి తర్వాత.

తెర: హోల్టర్‌తో ఇచ్చే డైరీ పేజీ. ఖాళీ గడులు.

వాయిస్: హోల్టర్ పెట్టినప్పుడు ఈ కాగితం కూడా ఇస్తారు. చాలామంది ఖాళీగానే తిరిగిచ్చేస్తారు. పడుకున్న సమయం, లేచిన సమయం, తల తిరిగిన నిమిషం రాయండి. ఆ రాత్రి పక్కవాళ్ళు ఫోన్‌లో రెండు నిమిషాలు గురకను వీడియో తీసి, తీసిన సమయం కూడా అందులోనే రాయాలి. 03:12కి ఆ మనిషి ఊపిరి ఆడిందో లేదో అప్పుడే డాక్టరుకు తెలుస్తుంది.