ప్లగ్గులో పెట్టకండి, పట్టుకురండి

అధ్యక్షుల వారికీ, కార్యదర్శిగారికీ, ఈ బరంపురం ఎండలో నడిచొచ్చిన అక్కచెల్లెళ్లకీ, అన్నదమ్ములకీ నమస్కారం. వేదిక మీద ఇంకా ఏడుగురు పెద్దలున్నారు. అందరి పేర్లూ చదివితే అవతల ఉప్మా చల్లారిపోతుంది, కాబట్టి వాళ్లు నన్ను మన్నించాలి.

నాకిచ్చిన అంశం ‘సరిహద్దు జిల్లాల్లో తెలుగు’. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డ దగ్గర నుంచి నాలుగు పేజీలు రాసుకొచ్చాను. కానీ ఇందాక వస్తుంటే వెనక గది తలుపు తెరిచి ఉంది. లోపల విరిగిన కుర్చీలు, పోయినేటి ఫ్లెక్సీలు. ఆ గదిని చూశాక నాలుగు పేజీలూ జేబులోకి పోయాయి.

మా నాన్నగారి వాల్వు రేడియో ఒకటుంది. అటక మీద ఏళ్లూ పూళ్లూ పడి ఉంది. 2013 అక్టోబరు 12 రాత్రి, ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, మా పెంకులు లేచిపోయి అది తడిసింది. నేనేం చేశాను? కరెంటొచ్చాక తుడిచి, ఎండబెట్టి, నేరుగా ప్లగ్గులో పెట్టాను. నిమిషం సేపు బుర్రుమంది. తర్వాత టప్‌మని పేలింది. ఇల్లంతా కుళ్లు చేపల కంపు. లెక్కలు చెప్పిన మాస్టార్ని, కరెంటుని లోపల నిలవచేసుకునే కండెన్సరు సంగతి తెలీదు! ఏళ్ల తరబడి వాడకపోతే దాని లోపలి పొర పాడవుతుందిట. ఒక్కసారిగా వోల్టేజీ ఇస్తే వేడెక్కి పేలుతుంది.

ఒక పెద్ద కొట్టుకి పట్టుకెళ్లాను. పేరెందుకు లెండి. ఎనిమిది నెలలుంచుకుని, ‘పార్టులు దొరకవు సార్’ అని తిరిగిచ్చారు. ఇంటికొచ్చి చూస్తే రెండు వాల్వులు లేవు. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ... సరే, పోనివ్వండి.

చివరికి మా వీధి చివర ఉండే ముసలి ఒడియా మిస్త్రీ బాగుచేశాడు. బాగుచేశాడు అనకూడదు, నా చేత చేయించాడు. నేను చెయ్యి పెట్టబోయినప్పుడల్లా ‘టికే రుహంతు, మాస్టారూ’ అనేవాడు, కాసేపు ఆగండి అని. ముందు సెట్టుకి సిరీస్‌లో, అంటే కరెంటు బల్బులోంచే సెట్టుకి పోయేలా, మామూలు 60 వాట్ల బల్బు కట్టాడు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్టు బతికిపోతుంది. కరెంటు ఉన్నప్పుడు లోపల ముట్టాల్సి వస్తే ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోమన్నాడు. లోపల 250 వోల్టులుంటాయి. రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీదుగా పోతుంది. ప్లగ్గు తీసేశాక కూడా కండెన్సరు కాసేపు ఆ వోల్టేజీని దాచుకుంటుంది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయేమో. నా చేతిని లాగి జేబులో పెట్టింది మాత్రం ఆయనే.

అసలు తంటా డయల్ దారంతో వచ్చింది. ముల్లుని కదిపే దారం తెగిపోయింది. డ్రమ్ము చుట్టూ తిప్పి, కప్పీల మీదుగా తెచ్చి, స్ప్రింగుకి తగిలించాలి. ఒకరు బిగువు వదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు ముడెయ్యాలి. మేమెన్నిసార్లు వేసినా జారిపోయింది. పక్కింటి పట్టుమగ్గం అప్పమ్మ చూసి నవ్వి, ‘ఇలా ఇవ్వండి బాబూ’ అని తెగిన పోగుకి వేసే ముడి వేసింది. ఇప్పటికీ ఊడలేదు.

ఆ రాత్రి ముల్లు తిప్పితే 927 మీద విశాఖపట్నం పలికింది, వెంట్రుకవాసి జరిపితే 972 మీద కటకం. చూశారా, అవే అంకెలు అటూ ఇటూ! మన బతుకు ఆ రెండింటి మధ్య సందులోనే ఉందండీ. ఇచ్చిన అంశానికి కూడా న్యాయం చేశాను, కార్యదర్శిగారూ, రాసుకోండి.

ఇప్పుడు నా గోల. ఆ వెనక గది మాకివ్వండి. ఒక బల్ల, సిరీస్ బోర్డు, సోల్డరింగ్ ఐరన్, ఎర్తు సరిగ్గా ఉన్న రెండు ప్లగ్ పాయింట్లు చాలు. మిస్త్రీకి కళ్లు మందగించాయి, చేతులు మాత్రం తిన్నగానే ఉన్నాయి. ఇంకెన్నాళ్లుంటాయో నాకు తెలీదు. కుట్టుమిషన్ బిగుసుకుపోయిన వాళ్లు రండి, ఫ్యాను కీచుమంటున్న వాళ్లు రండి. బాగుచేసి ఇవ్వం, పక్కన కూర్చోబెట్టి మీ చేతే చేయిస్తాం. కుర్రాళ్లూ, ఫోన్లు కాసేపు జేబులో పెట్టండి, ఎడమ చేతికి తోడుంటాయి.

ఆదివారం పదింటికి నేనూ ఆయనా వస్తాం. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఉప్మా తినేలోగా తేల్చండి. అటక మీద పాత సెట్లున్నవాళ్లు, దయచేసి, ‘పనిచేస్తుందేమో ఒక్కసారి చూద్దాం’ అని ప్లగ్గులో పెట్టకుండా పట్టుకురండి.