దిగిపోయిన మాటలు

అందరికీ నమస్కారం. చెన్నైలో, తెలుగులో, ఐక్యరాజ్యసమితి ప్రసంగాల్లోకి మాటలెలా ఎక్కుతాయో, ఎలా దిగిపోతాయో మాట్లాడమంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆర్కాట్ రామస్వామి మొదలియార్. పుట్టింది కర్నూల్లో, పైకొచ్చింది ఈ మద్రాసులో. 1945 జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇండియా తరఫున సమితి ఛార్టర్, అంటే దాని మూల ఒప్పందం మీద, సంతకం పెట్టినవాళ్ళలో ఆయనొకరు. మనకింకా స్వాతంత్ర్యం రాలేదప్పటికి. చిత్రమేమిటంటే, ఆ ఛార్టర్లో వలస ప్రాంతాల ఊసెత్తిన 73వ అధికరణంలోనూ 'స్వపరిపాలన' అనే ఉంది. 'స్వాతంత్ర్యం' లేదు.

పదిహేనేళ్ళు తిరిగాయి. 1960లో ఒక్క ఏడాదే 17 దేశాలు కొత్తగా చేరాయి, సైప్రస్ తప్ప అన్నీ ఆఫ్రికావే. ఆ డిసెంబరులో అన్ని దేశాలూ కూర్చునే సమితి సర్వసభ్య సభ చేసిన 1514వ తీర్మానం, వలస ప్రాంతాలకు 'సంపూర్ణ స్వాతంత్ర్యం' అని తేల్చి చెప్పింది. అనుకూలం 89, వ్యతిరేకం సున్నా. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్‌తో కలిపి 9 దేశాలు తటస్థం. రచ్చబండ మీద మాట మారిందంటే పాతవాళ్ళకు బుద్ధొచ్చిందని కాదు, కొత్తవాళ్ళొచ్చి కూర్చున్నారని.

ప్రసంగాల్లోకి మాట ఎక్కడం సరే, దిగడమే చిక్కు. దక్షిణాఫ్రికాలో భారతీయుల గోడు మనవాళ్ళు 1946లోనే ఆ సర్వసభ్య సభ ముందు పెట్టారు. వర్ణవివక్ష దశాబ్దాలపాటు ప్రసంగాల్లో నలిగింది. 1994లో మండేలా అధ్యక్షుడిగా అదే సభకొచ్చి మాట్లాడారు. ఆ మాటకు పని తీరింది, దిగిపోయింది. బాగుంది.

మరి 1974లో సభ ప్రకటించిన 'నూతన అంతర్జాతీయ ఆర్థిక వ్యవస్థ' ఏమైంది? ముడిసరుకులకు న్యాయమైన ధర ఇమ్మని పేద దేశాలు గట్టిగానే అడిగాయి. 1982 ఆగస్టులో మెక్సికో అప్పు కట్టలేనని చేతులెత్తేసింది, వెనకే మరికొన్ని. అప్పిచ్చినవాడి గుమ్మంలో నిలబడి గొంతు పెంచేదెవరండీ? ఆ మాట పని తీరి పోలేదు, నోరు మూతపడి పోయింది. ప్రసంగాల్ని కంప్యూటర్లో పోసి పదాలు లెక్కపెట్టే కుర్రాళ్ళు ఈ సభలోనూ ఉన్నారు. బాబూ, మీ గ్రాఫులో ఈ రెండు గీతలూ ఒకేలా కిందికి దిగుతాయి, జాగ్రత్త. అణు నిరాయుధీకరణ గీత ఎందులోకొస్తుందో మీరే తేల్చండి. అణ్వాయుధాలైతే ఇప్పటికీ దాదాపు 12 వేలున్నాయి.

వాతావరణ మార్పు మాట ముందెవరెత్తారో కూడా చూడండి. 1989లో బ్రిటన్ ప్రధాని థాచర్ సమితి సభలో దాని మీద పెద్ద ప్రసంగం చేశారని చాలామంది చెబుతారు. అంతకు రెండేళ్ళ ముందే, 1987లో, సముద్రం పెరిగితే మా దేశం మిగలదని మాల్దీవుల అధ్యక్షుడు గయూమ్ అదే సభలో మొరపెట్టుకున్నారు. అందుకే ఏటా సెప్టెంబరులో దేశాధినేతలు ఆ సభలో మాట్లాడేటప్పుడు నేను ముందు తువాలు, మార్షల్ దీవుల్లాంటి పసిఫిక్ చిన్న ద్వీప దేశాలవాళ్ళు ఏమన్నారో వింటాను. అమెరికాది ఆ తర్వాత.