చెన్నై, సూళ్లూరుపేట, మైపాడు: ఎప్పుడు పోవాలి?

ఫణి: నమస్కారం, నెల్లూరు నుంచి ఫణి. పక్కన వదిన. ఈ వారం సంగతి, ఒకే ప్రయాణంలో హడావిడి సిటీ, నిదానమైన ఊరు, ఆఖరున సముద్రం.

వదిన: ఫ్లాస్క్ తెచ్చావా?

ఫణి: తెచ్చాను వదినా.

వదిన: సరే, కానీ, చెప్పు.

ఫణి: పొద్దున నెల్లూరులో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికల్లా చెన్నై. టీనగర్‌లో బట్టలు, సాయంత్రం మెరీనా...

వదిన: ఎగ్మోర్ మ్యూజియం కూడా. అమరావతి స్తూపం శిల్పాలు అక్కడే ఉన్నాయి. పిల్లలకు చూపించకుండా రాకూడదు.

ఫణి: సరే. తర్వాత లోకల్ రైల్లో సూళ్లూరుపేట, అక్కడి నుంచి నెల్లూరు మీదుగా మైపాడు బీచ్. దీపావళి సెలవులకు పెట్టుకుంటే...

వదిన: దీపావళికా? వద్దు.

ఫణి: అదేంది వదినా, అందరికీ సెలవులు అప్పుడే గదా?

వదిన: అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకు ఈశాన్య రుతుపవనాలు. పైజిల్లాల్లో వానలు వెనక్కి తగ్గాక మనకు మొదలవుతాయి. వాయుగుండం పట్టిందంటే సముద్రం దరిదాపులకు ఎవరిని పోనిస్తారు?

ఫణి: ప్రతి ఏడూ తుఫాను రాదు. వచ్చినా పినాకిని ఆగదు.

వదిన: ఆగదా? 2021 నవంబర్‌లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఎన్ని రైళ్లు రద్దు చేశారో మర్చిపోయావా?

ఫణి: అది వేరే...

వదిన: వేరే ఏం కాదు ఫణీ. హైవే మీద బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మీ అన్నయ్య గూడూరులో చిక్కుకుంటే, ఫోన్ కలవక నేనెంత టెన్షన్ పడ్డానో నీకు తెలుసు. పిల్లల్ని తీసుకుని మళ్లీ అట్లాంటి రోజుల్లో బయలుదేరమంటే నా వల్ల కాదు.

ఫణి: ...సరే వదినా. ఆ మాట నిజమే.

వదిన: వానలు వెళ్లనీ. వాటి వల్ల మంచీ ఉంది. వాన పడితేనే సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు చెరువు నిండుతుంది, గూడబాతులు, అదే పెలికాన్లు, దిగుతాయి. నీళ్లలో నిలబడ్డ చెట్ల మీదే గూళ్లు కడతాయి. జనవరికి గూళ్లలో పిల్లలుంటాయి. పెద్దవి పులికాట్ సరస్సు దాకా ఎగిరిపోయి, చేపలు తెచ్చి పిల్లలకు పెడతాయి. ఎంతసేపు చూసినా తనివి తీరదు.

ఫణి: చూశాను, నిరుడు తీసుకుపోయారు గదా.

వదిన: నువ్వు ఫోనే చూస్తున్నావు. ఆ ఊరివాళ్లు వాటి జోలికి ఎవరినీ పోనివ్వరు. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమంటారు. అక్కడ చూసి శ్రీహరికోట రోడ్డెక్కితే, రెండు వైపులా పులికాట్ నీళ్లలో ఫ్లెమింగోలు. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. మనకు ఇంత దగ్గర్లో పెట్టుకుని ఊటీ ఊటీ అంటారు జనం.

ఫణి: జనవరి అంటే సంక్రాంతి. పినాకినిలో నిలబడే చోటుండదు.

వదిన: పండగ వెళ్లాక, నెలాఖరుకు పెట్టుకో. రిపబ్లిక్ డే శనాదివారాలకు కలిసొస్తే ఇంకా మేలు.

ఫణి: అయితే నవంబర్ చివర్లోనే బుక్ చేయాలి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, 120 కాదు. కిటికీ సీటు నాది.

వదిన: లోకల్ రైల్లో కూర్చో, కావలసినన్ని కిటికీలు.

ఫణి: పినాకిని కిటికీ పినాకినిదే. మైపాడు సంగతి చెప్పనే లేదు. నెల్లూరు నుంచి 20 కిలోమీటర్ల పైచిలుకు, బస్సులున్నాయి. ఒంగోలు వాళ్లు మైపాడు బదులు కొత్తపట్నం పెట్టుకోవచ్చు.

వదిన: మోకాలు లోతు దాటి దిగొద్దని చెప్పు. అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది. ఈతొచ్చినవాళ్లనీ గుంజుకుపోతుంది.

ఫణి: పొద్దున్నే పోతే జాలర్లు వలలు లాగుతుంటారు...

వదిన: ఆ పొద్దున్నే నేలపట్టులో ఉండాలి. పక్షులు వేటకు లేచే వేళ.

ఫణి: రెండు చోట్లా పొద్దున్నే ఎట్లా వదినా?

వదిన: సూళ్లూరుపేటలో ఇంకో రాత్రి ఉండు.

ఫణి: మరి చెన్నైలో ఒకటి తగ్గించాలి. టీనగర్...

వదిన: టీనగర్ తగ్గించు.

ఫణి: అన్నయ్యను అడుగుదాం ఉండండి. అన్నా, ఒకసారి ఇట్లా రా!