గేమింగ్ కంపెనీ పేరు కొట్టేస్తే: పైసలు రావాల్సిన వాళ్లు చూసుకోవాల్సినవి

(నల్లగొండలో కామర్స్, కంప్యూటర్స్ విద్యార్థులను, ఫ్రీలాన్సర్లను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆన్‌లైన్ గేముల్లో పైసలు పెట్టి డైమండ్లు, స్కిన్లు కొనేవాళ్లు మీలో కొందరు. గేమ్ కంపెనీలకు తెలుగు డబ్బింగ్, టెస్టింగ్, కస్టమర్ సపోర్ట్ చేసిపెట్టి బిల్లు పంపేవాళ్లు, లేదా పంపాలనుకునేవాళ్లు ఇంకొందరు. 2023లో మహబూబ్‌నగర్ దివిటిపల్లిలోనూ, ఇక్కడ నల్లగొండలోనూ ఐటీ టవర్లు వచ్చాయి. పట్నం పోకుండా ఇలాంటి పని ఇక్కడే చేసుకోవచ్చన్న ఆశ మంచిదే. అయితే ఆ కంపెనీ విదేశీయులదైనప్పుడు, దాని పేరు కంపెనీల రిజిస్టర్‌లోంచి పోయినప్పుడు మీకు రావాల్సిన డబ్బు ఏమవుతుందో ముందే తెలిసి ఉండాలి.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకుందాం. 2020 సెప్టెంబర్ 2న పబ్‌జీ మొబైల్‌ను, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను కేంద్రం నిషేధించింది. అది ఐటీ చట్టం సెక్షన్ 69ఏ కింద యాప్‌ను ఆపడం. కంపెనీ రిజిస్ట్రేషన్‌తో దానికి సంబంధం లేదు. పబ్‌జీ భారత రూపమైన బీజీఎంఐ 2022 జూలైలో ఆగి 2023 మే నెలలో తిరిగొచ్చింది కూడా. పైసలు పెట్టి ఆడే గేములను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం వ్యాపారాన్ని ఆపుతుంది. కంపెనీ పేరును దానంతటదే కొట్టేయదు. పేరు కొట్టేసేది రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్, అంటే ఆర్‌ఓసీ, 2013 కంపెనీల చట్టం సెక్షన్ 248 కింద. యాప్ ఆగినా కంపెనీ బతికే ఉండొచ్చు. సర్వర్ సింగపూర్‌లో ఉండి ఆట నడుస్తూనే ఉన్నా, ఇక్కడి కంపెనీ చట్టం లెక్కలో లేకుండా పోయి ఉండొచ్చు. రెండోదే మనకు ప్రమాదం, ఎందుకంటే బయటికి ఏమీ కనబడదు.

మీకు పని ఇచ్చింది ఎవరో పర్చేజ్ ఆర్డర్‌లో చూడండి. భారత్‌లో నమోదైన ప్రతి కంపెనీకి 21 అక్షరాలు, అంకెల సీఐఎన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. బిల్లుల మీద, లెటర్‌హెడ్ మీద దాన్ని ముద్రించాలని చట్టమే చెబుతోంది. అందులో రెండక్షరాలు రాష్ట్రానివి, తర్వాతి నాలుగంకెలు నమోదైన సంవత్సరం, ఆ తర్వాత మూడక్షరాలు. ఆ మూడు ఎఫ్‌టీసీ అని ఉంటే అది విదేశీ కంపెనీకి అనుబంధ ప్రైవేటు కంపెనీ. సీఐఎన్ అసలే లేకుండా సింగపూర్ చిరునామా మాత్రమే ఉంటే మీ ఒప్పందం అక్కడి కంపెనీతోనే. అప్పుడు ఇక్కడి ఆర్‌ఓసీ దగ్గర మీకు పెద్దగా దొరికేదేమీ లేదు. దేశాన్ని బట్టి నియమాలు మారతాయి. బ్రిటన్‌లో పేరు కొట్టేసిన కంపెనీకి మిగిలిన ఆస్తి రాచరికానికి పోతుంది. కాలిఫోర్నియాలో పన్ను కట్టక సస్పెండ్ అయిన కార్పొరేషన్ కోర్టులో దావా వేయలేదు, తన మీద పడిన దావాలో వాదించుకోనూలేదు.

మన దేశంలో విదేశీ యాజమాన్యపు చిన్న కంపెనీ ఎట్లా చేజారుతుందో చెప్తాను. కనీసం ఒక డైరెక్టర్ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు భారత్‌లో ఉండాలి. చాలాచోట్ల ఆ ఒక్కడూ పేరుకు పెట్టుకున్న మనిషే. అతను రాజీనామా చేసి పోతాడు. మిగిలిన డైరెక్టర్ల డిజిటల్ సంతకాల గడువు తీరిపోతుంది, విదేశం నుంచి నోటరీ, అపోస్టిల్ (అక్కడి ప్రభుత్వ ధ్రువీకరణ) చేయించిన కాగితాలు రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా ఏటా వేయాల్సిన లెక్కల ఫారం ఏఓసీ-4, వార్షిక రిటర్ను ఎంజీటీ-7 దాఖలు కావు. ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల ఆలస్య రుసుము, అంటే రెండూ ఏడాది ఆగితే 73,000. ఇక రిజిస్టర్డ్ ఆఫీసు అద్దెకు తీసుకున్న వర్చువల్ చిరునామా అయితే నోటీసు ఎవరి చేతికీ అందదు. 2022 నుంచి ఆర్‌ఓసీ ఇద్దరు సాక్షులతో ఆ చిరునామాకు వెళ్లి, ఫొటో తీసి తనిఖీ చేయొచ్చు. అక్కడ కంపెనీ లేదని తేలితే పేరు కొట్టేయడానికి అదీ ఒక కారణమే. రెండేళ్లుగా వ్యాపారం లేకుండా డార్మెంట్ (నిద్రాణ) హోదాకూ దరఖాస్తు చేయకపోవడం, వాటా డబ్బు వచ్చిందని చెప్పే ఐఎన్‌సీ-20ఏ ఫారాన్ని నమోదైన 180 రోజుల్లోగా వేయకపోవడం మిగతా కారణాలు. 2017లో ఇట్లా రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లు పోయాయి.

ఇగ మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇది. ముందు కంపెనీకీ డైరెక్టర్లకూ ఎస్‌టీకే-1 నోటీసు వెళ్తుంది, జవాబుకు 30 రోజులు. ఆ తర్వాత బహిరంగ నోటీసు ఎస్‌టీకే-5, అభ్యంతరాలకు మళ్లీ 30 రోజులు. ఆఖర్న గెజిట్‌లో ఎస్‌టీకే-7 వస్తుంది, కంపెనీ రద్దవుతుంది. ఎస్‌టీకే-5 తర్వాతి ఆ 30 రోజులే మీ చేతిలో ఉన్న సమయం. ఆ నోటీసు పత్రికలో వేసేది కంపెనీ చిరునామా ఉన్న రాష్ట్రపు భాషలో, ఇంగ్లిష్‌లో. బెంగళూరు కంపెనీదైతే కన్నడ పేపర్లో వస్తుంది, నల్లగొండలో మీకెట్లా తెలుస్తుంది? అందుకే కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ మాస్టర్ డేటా తెరిచి స్టేటస్ చూస్తుండండి. ఉచితం. బిల్లు పెండింగ్‌లో ఉన్నంత కాలం నెలకోసారైనా చూడాలి. ‘యాక్టివ్’ పోయి స్ట్రైక్ ఆఫ్ (పేరు కొట్టేసే) ప్రక్రియలో ఉన్నట్టు చూపిస్తే అదే రోజు ఆర్‌ఓసీకి అభ్యంతరం రాయండి. బిల్లులు, పని అప్పగించినట్టున్న ఈమెయిళ్లు, మీ పేరు మీద కట్టిన పన్ను చూపే ఫారం 26ఏఎస్ జతచేయండి. మీ బిల్లు మీద వాళ్లు టీడీఎస్ (మీ డబ్బులోంచి ముందే కోసే పన్ను) కట్టి ఉంటే అది అందులో కనబడుతుంది. అంతకంటే గట్టి రుజువు దొరకడం కష్టం. పేరు కొట్టేసే ముందు బాకీల చెల్లింపుకు తగిన ఏర్పాటు ఉందో లేదో ఆర్‌ఓసీ చూడాలని 248(6) చెబుతోంది, మీ ఉత్తరం పనికొచ్చేది అక్కడే.

గడువు దాటిపోయి పేరు పోతే? తనకు రావాల్సినవి వసూలు చేసుకోవడానికి, బాకీలు తీర్చడానికి తప్ప కంపెనీ ఇంకేదీ చేయలేదు. డైరెక్టర్ల, వాటాదారుల బాధ్యత కొనసాగుతుందని 248(7)లో ఉంది. అంటే డైరెక్టర్ సొంత జేబులోంచి కట్టాలని చాలామంది అనుకుంటారు, అది తప్పు. అంతకుముందు ఏ బాధ్యత ఉందో అదే కొనసాగుతుంది, కొత్తది పుట్టదు. ఇక మిగిలే దారి సెక్షన్ 252. అప్పు రావాల్సిన వ్యక్తి, ఉద్యోగి కూడా గెజిట్ తేదీ నుంచి 20 ఏళ్లలోగా కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీలో పిటిషన్ వేసి పేరు పునరుద్ధరించమని అడగొచ్చు. తెలంగాణలో నమోదైన కంపెనీ అయితే అది హైదరాబాద్ బెంచ్, వేరే రాష్ట్రానిదైతే అక్కడి బెంచ్. అయితే 20 ఏళ్లుందని కూర్చోకండి. మామూలు బాకీ దావాకు కాలపరిమితి మూడేళ్లే. ఆర్డర్ వచ్చాక 30 రోజుల్లో ఐఎన్‌సీ-28 ఫారంతో ఆర్‌ఓసీకి అందించాలి. లాయర్ ఖర్చులు లెక్కవేస్తే 40 వేల బిల్లు కోసం ఈ దారి పట్టమని నేను చెప్పను, పేరు తిరిగొచ్చినా ఖాతా ఖాళీగా ఉండొచ్చు. జీఎస్టీ నమోదు ఉన్నవాళ్లకు ఇంకో దెబ్బ: బిల్లు కొట్టి పన్ను కట్టేశాక, కొన్నవాడు ఎగ్గొట్టాడన్న కారణానికి ఆ పన్ను వెనక్కి రాదు. కాబట్టి విదేశీ అనుబంధ కంపెనీతో పని మొదలుపెట్టేటప్పుడే సగం అడ్వాన్సు, మిగతాది వారం వారం అడగండి.

ఆడేవాళ్ల సంగతి. గేమ్ వాలెట్లో కొన్న డైమండ్లు ఆ ఆటలోనే ఖర్చయ్యేవి, సాధారణంగా నగదుగా మారవు. మూత వార్త వినగానే యూపీఐ యాప్‌లో ఆటోపే రద్దు చేయండి. గూగుల్ ప్లేలో కొన్నది 48 గంటల్లోపైతే రీఫండ్ గూగుల్‌నే అడగండి. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, బెంగళూరు పోవాల్సిన పని లేదు. 5 లక్షల దాకా ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ప్రతివాదిగా ఆట పేరు రాయకండి, రసీదు మీదున్న కంపెనీ పేరు రాయండి. కంపెనీ మూతపడింది, బ్యాలెన్స్ తిరిగిస్తాం, ముందు ప్రాసెసింగ్ ఫీజు పంపండని ఎవరైనా ఫోన్ చేస్తే పైసా పంపకండి. పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.